ప్రబల్ .32 రివాల్వర్: కొన్నవారిని తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే మా కుటుంబంలో నాన్నగారి కాలం నుంచీ .32 రివాల్వర్ (.32 అంటే తూటా వెడల్పును అంగుళాల్లో చెప్పే అంకె) ఉంది. లైసెన్సు నా పేరు మీదికి మారిన తరువాత, పాత రివాల్వర్‌ను అనుమతితో డీలరుకు అప్పగించి, కాన్పూరులో తయారయ్యే ప్రబల్‌ను తీసుకున్నాను. ఆ నాటి నుంచి యార్డులో, పెళ్లిళ్లలో, ఫోన్లలో అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క చెప్పి పంపడం ఆయుధం విషయంలో మంచిది కాదు కనుక, అన్నిటినీ దశలవారీగా ఇక్కడ రాసి పెట్టాను. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గర వారు నేరుగా చదువుకోవచ్చు.

## కొనే ముందు

ప్రబల్ అంటే ఏమిటి? పాతవాటి కంటే దీనిలో కొత్తేముంది?

ప్రబల్ ఆరు తూటాల .32 రివాల్వర్. ప్రభుత్వ రంగ సంస్థ అయిన అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ దీనిని 2023 ఆగస్టు 18న విడుదల చేసింది. గొట్టం పొడవు 76 మిల్లీమీటర్లు, మొత్తం పొడవు 177.6 మిల్లీమీటర్లు, తూటాలు లేకుండా బరువు 675 గ్రాములు. అసలు కొత్తదనం ఈ అంకెల్లో లేదు, తూటాలు పట్టే గుండ్రటి సిలిండర్ తెరుచుకునే తీరులో ఉంది. మన ఆయుధ కర్మాగారాల నుంచి ఇంతకాలం పౌరులకు వచ్చిన .32 రివాల్వర్లు బ్రిటిష్ కంపెనీ వెబ్లీ పాత పద్ధతిలో నడుం దగ్గర మడిచి తెరిచేవి. ప్రబల్‌లో చట్రం కదలదు, సిలిండర్ ఒక్కటే పక్కకు వస్తుంది. ఆయుధాన్ని ఇంట్లో ఉంచుకునే మనిషికి ఈ చిన్న మార్పు ఎంత మేలో వాడిన తరువాతే నాకు అర్థమయింది.

నిర్భీక్ 500 గ్రాములే కదా! బరువైనది ఎందుకు తీసుకున్నారు?

2014లో వచ్చిన నిర్భీక్ టైటానియం మిశ్రలోహంతో చేసిన తేలికైన రివాల్వర్. నిర్భయ ఘటన తరువాత మహిళలను దృష్టిలో పెట్టుకుని తెచ్చినది. చేతి సంచిలో పెట్టుకునేవారికి ఆ తేలికదనం నిజంగా ఉపయోగమే. నేను దానిని కాదనుకోవడానికి కారణం వేరే ఉంది. అది కూడా మడిచి తెరిచే రకమే. నాన్నగారి పాత రివాల్వర్‌తో ఇరవై ఏళ్లు గడిపిన నాకు ఆ పద్ధతిలోని చిక్కు బాగా తెలుసు. లోపల తూటాలు ఉన్నాయా లేవా అని చూడడానికి మడిచినప్పుడల్లా తూటాలన్నీ పైకి లేచేవి. పూర్తిగా మడిస్తే కాలని తూటాలు కూడా మంచం మీద పడేవి. ప్రబల్‌లో సిలిండర్‌ను పక్కకు తీసి, దేనినీ కదపకుండా తూటాలు కూర్చునే ఆరు గదులనూ కంటితో చూసి, మళ్లీ మూయవచ్చు. ఈ ఒక్క పని కోసం అదనపు 175 గ్రాములు మోయడానికి నేను సిద్ధపడ్డాను.

ఇంత ఖర్చు పెట్టేటప్పుడు 9 ఎం.ఎం. పిస్టల్ కొనుక్కోవచ్చు కదా?

సైన్యం, పోలీసులు వాడే 9 ఎం.ఎం. వంటి బోర్లు (గొట్టం లోపలి కొలతలు) మన దేశంలో సాధారణ లైసెన్సుదారులకు దొరకవు. వాటికి నిషేధిత బోరు కింద కేంద్ర ప్రభుత్వ స్థాయిలో ప్రత్యేక అనుమతి కావాలి. అందుకే దేశమంతటా పౌరుల చేతి తుపాకులు ఎక్కువగా .32లోనే కనిపిస్తాయి. .32లో పిస్టల్ కావాలనుకునేవారికి ఇషాపూర్ కర్మాగారం చేసే అశని ఉంది. నా మొగ్గు మాత్రం రివాల్వర్ వైపే. ఒక తూటా పేలకపోతే పిస్టల్‌లో పైనున్న జారే భాగాన్ని (స్లైడ్) లాగి దానిని బయటకు తీయాలి, రివాల్వర్‌లో ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే తరువాతి గది ఎదురుగా వస్తుంది. పైగా పిస్టల్‌లో తూటాలుండే మ్యాగజైన్ తీసేసినా గొట్టం వెనుక గదిలో ఒక తూటా మిగిలిపోయే ప్రమాదం ఉంటుంది. ఖాళీ అనుకున్న తుపాకులు పేలిన విషాదాల్లో చాలావాటికి ఇదే మూలం.

నేను నగదు తీసుకుని తిరుగుతాను. నాకు లైసెన్సు ఇస్తారా?

నగదుతో తిరగడం ఒక కారణంగా చెప్పుకోవచ్చు గాని, దానితోనే లైసెన్సు హక్కుగా రాదు. ఆయుధాల చట్టం 1959, ఆయుధాల నియమాలు 2016 ప్రకారం దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండి ఉండాలి, ఆయుధం ఎందుకు అవసరమో వివరించాలి, శారీరక, మానసిక ఆరోగ్యంపై వైద్యుని ధ్రువపత్రం జతచేయాలి. జిల్లాలో కలెక్టరు, కమిషనరేట్ ఉన్న హైదరాబాదు వంటి నగరాల్లో పోలీసు కమిషనరు లైసెన్సు ఇచ్చే అధికారులు. దరఖాస్తు మీద మీ ఠాణా నుంచి విచారణ నివేదిక వెళుతుంది. మీ మీద కేసులున్నాయా అన్నదానితో పాటు ఇంట్లో తగాదాలు, తాగుడు అలవాటు, ఇరుగుపొరుగుతో గొడవల సంగతి కూడా ఆ విచారణలో బయటికి వస్తుంది. అలా రావడమే న్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. నిరాకరిస్తే అప్పీలు చేసుకునే వీలు చట్టంలోనే ఉంది. ‘పని నేను చేయించి పెడతాను’ అని వచ్చే మధ్యవర్తులను మాత్రం గుమ్మం దగ్గరే పంపించివేయండి.

ఇంట్లో ఇప్పటికే రెండు తుపాకులున్నాయి. ఇది మూడోదిగా కొనవచ్చా?

కొనకూడదు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణకు ముందు ఒక వ్యక్తి మూడు ఆయుధాల వరకు ఉంచుకోగలిగేవారు. ఇప్పుడు పరిమితి రెండు. పొలం కాపలాకు తాతగారి నాటి జంట గొట్టాల తుపాకీ, దానితో పాటు ఒక రివాల్వర్ మీ పేరున ఉంటే, కొత్తది తీసుకునే ముందు వాటిలో ఒకదానిని అనుమతితో అమ్మడమో అప్పగించడమో తప్పదు.

## కొనేటప్పుడు

దుకాణంలో రివాల్వర్ చేతికిచ్చాక ఏమేమి చూసుకోవాలి?

మొదట సిలిండర్ తెరిచి ఖాళీగా ఉందని మీ కళ్లతో చూడండి. డీలరు మీ ఎదుటే చూసి ఇచ్చినా సరే, మీరు మళ్లీ చూడండి. ఆ తరువాత చట్రం మీద చెక్కిన నంబరును బిల్లులోని నంబరుతో అంకె అంకె పోల్చండి. ఆ నంబరే లైసెన్సులోకి ఎక్కుతుంది కనుక ఒక్క అంకె తేడా వచ్చినా నెలల తరబడి తిరగవలసి వస్తుంది. సిలిండర్ తెరిచే ఉంచి, వెనుక నుంచి వెలుతురు పడేటట్టు పట్టుకుని గొట్టం లోపలి గాడులు శుభ్రంగా ఉన్నాయా అని చూడండి. మూసిన తరువాత సుత్తిని నెమ్మదిగా వెనక్కు లాగినప్పుడు, అది చివరికి చేరేలోపే సిలిండర్ గట్టిగా చోటులో కూర్చోవాలి. ఆరు గదులకూ ఆరుసార్లు ఇలా చూడాలి. నేను ఈ పరీక్షకు పావుగంట తీసుకుంటే దుకాణంలోని కుర్రవాడు విసుక్కున్నాడు గాని, పక్కనున్న పెద్దాయన కుర్చీ తెచ్చి వేయించారు.

తూటాలు ఏవి కొనాలి? .32 పిస్టల్ తూటాలు కూడా పడతాయట కదా?

పట్టడం వేరు, పనికిరావడం వేరు. ఈ రివాల్వర్‌కు కావలసినది .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్ తూటా. 1896 నాటి నుంచి వస్తున్న ఈ తూటాకు అడుగున పూర్తి అంచు ఉంటుంది, గుండు బరువు సంప్రదాయంగా 98 గ్రెయిన్లు, అంటే సుమారు 6.35 గ్రాములు. .32 పిస్టల్ తూటా పొట్టిగా ఉంటుంది, దాని అంచు సన్నం, లోపలి ఒత్తిడి మాత్రం ఎక్కువ. చాలా .32 రివాల్వర్ల గదుల్లో అది దూరుతుంది కనుకనే ప్రమాదం. ఒకసారి ఒక దుకాణంలో నేను అడిగినది ఒకటైతే, కాగితంలో చుట్టి ఇచ్చినవి పిస్టల్ తూటాలు. ఇంటికి వచ్చి పాత తూటా పక్కన నిలబెట్టి చూస్తే పొడవులో తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. మరుసటి రోజు తిరిగి ఇచ్చేసి, మూత తెరవని డబ్బా మీది పేరు చదివి మరీ తీసుకున్నాను. ఎన్ని తూటాలు కొనవచ్చో, ఒకేసారి ఎన్ని దగ్గర ఉంచుకోవచ్చో మీ లైసెన్సులోనే రాసి ఉంటుంది. కొన్న ప్రతిసారీ ఆ ఎంట్రీ వేయించుకోండి.

## కాల్చి చూశాక

యాభై మీటర్లు కొడుతుందని ప్రచారం. నిజమేనా?

తయారీదారు చెప్పే 50 మీటర్లు ఆయుధం సామర్థ్యానికి సంబంధించిన మాట. అంత దూరంలోని లక్ష్యాన్ని నా వంటి మామూలు మనిషి గురి చూసి కొట్టగలడని దానికి అర్థం కాదు. 76 మిల్లీమీటర్ల గొట్టం మీద ముందు గురి, వెనుక గురి దగ్గర దగ్గరగా ఉంటాయి కనుక, కంటికి కనిపించనంత చిన్న తేడా కూడా దూరం పెరిగేకొద్దీ పెద్దదవుతుంది. కాల్పుల సాధన చేసే రేంజిలో ఏడు మీటర్ల నుంచి, సుత్తిని ముందుగా లాగి తీరికగా కాల్చినప్పుడు నా ఆరు తూటాలూ అరచేతి వెడల్పులో పడ్డాయి. పదిహేను మీటర్లకు వెళితే ఆ అరచేయి పెద్ద విస్తరాకు అయింది. పొట్టి గొట్టం ఉన్న ఏ రివాల్వర్ తీసుకున్నా ఇంతే. ఆత్మరక్షణ అవసరం గది పొడవులోనే వస్తుంది కనుక, అయిదు నుంచి ఏడు మీటర్ల సాధనకే నా తూటాలన్నీ ఖర్చు పెడుతున్నాను.

ట్రిగ్గర్ గట్టిగా ఉంటుందా? మా ఆవిడ నొక్కగలదా?

దీనిని రెండు రకాలుగా కాల్చవచ్చు. బొటనవేలితో సుత్తిని వెనక్కు లాగి పెట్టుకుంటే ట్రిగ్గర్ కొద్దిపాటి ఒత్తిడికే కదులుతుంది. సుత్తిని ముట్టకుండా నేరుగా ట్రిగ్గర్ నొక్కితే సిలిండర్‌ను తిప్పడం, సుత్తిని లేపడం, వదలడం అన్నీ ఆ ఒక్క వేలి బలంతోనే జరగాలి కనుక లాగుడు పొడవుగా, బరువుగా ఉంటుంది. రివాల్వర్లలో విడిగా సేఫ్టీ మీట సాధారణంగా ఉండదు, ఆ పొడవైన లాగుడే రక్షణ. కాబట్టి దానిని లోపంగా చూడకండి. కాల్చినప్పుడు వెనక్కు తన్నే దెబ్బ విషయానికి వస్తే, .32 తూటా స్వభావరీత్యా మెత్తనిది, దానికి 675 గ్రాముల బరువు తోడవడంతో మణికట్టుకు పెద్దగా తెలియదు. అయితే మీ శ్రీమతి నొక్కగలరా అన్న ప్రశ్న కంటే ముందు, లైసెన్సు ఎవరి పేరున ఉందన్న ప్రశ్న వస్తుంది. మీ లైసెన్సు మీద ఆమె ఈ ఆయుధాన్ని ఉంచుకోవడం, వాడడం చట్టం ఒప్పుకోదు. ఆమెకు అవసరమైతే ఆమె పేరుతోనే దరఖాస్తు చేయాలి, శిక్షణ ఆమే తీసుకోవాలి.

సినిమాల్లోలాగా చెయ్యి విదిలించి సిలిండర్ మూయవచ్చా?

ఎన్నడూ అలా చేయకండి. సిలిండర్‌ను మోసే చేయి సన్నని లోహపు ముక్క. విదిలించి మూసిన ప్రతిసారీ దాని మీద దెబ్బ పడుతుంది, కొంతకాలానికి అది వెంట్రుకవాసి వంగుతుంది. వంగిన సిలిండర్ గదులు గొట్టానికి సూటిగా నిలవవు. అప్పుడు గుండు అంచును ఒరుసుకుంటూ పోతుంది, సీసపు పొట్టు పక్కలకు చిమ్ముతుంది. తెరిచిన సిలిండర్‌ను ఎడమచేతి వేళ్లతో మెల్లగా లోపలికి నెట్టి, ‘టక్’ మని కూర్చున్నాక కొద్దిగా తిప్పి చూడడమే సరైన పద్ధతి. ఖాళీ తూటాలను బయటకు తీసేటప్పుడు గొట్టాన్ని పైకి ఎత్తి, తోసే కడ్డీని అరచేతితో ఒక్కసారిగా నొక్కాలి. బెదురుతూ సగం నొక్కితే తూటా అంచు, తూటాలను బయటకు నెట్టే నక్షత్రపు పలక కిందికి జారి ఇరుక్కుంటుంది.

ఎడమచేతి వేళ్లు ఎక్కడ పెట్టాలి?

పట్టు దగ్గర, కుడిచేతి వేళ్ల మీద. సిలిండర్‌కు, గొట్టానికి మధ్య ఉండే సన్నని సందులోంచి కాల్చినప్పుడల్లా వేడి వాయువు, మందు రవ్వలు పక్కలకు ఎగజిమ్ముతాయి. పిస్టల్ అలవాటుతో బొటనవేలు ముందుకు చాచేవారికి చర్మం కాలుతుంది.

తూటా పేలకపోతే ఏం చేయాలి?

సాధనలో అయితే గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగండి. మందు ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంటుంది, సిలిండర్ తిప్పేశాక ఆ తూటా గొట్టానికి ఎదురుగా లేకుండా పేలితే చేతులకే ముప్పు. పేలిన శబ్దం మామూలు కంటే మెత్తగా, ‘తుస్సు’ మన్నట్టు వినిపిస్తే మరీ జాగ్రత్త. గుండు గొట్టంలోనే ఆగిపోయి ఉండవచ్చు. దాని వెనుక మరొక గుండు కాలిస్తే గొట్టం చీలిపోతుంది. అక్కడితో ఆపి, సిలిండర్ ఖాళీ చేసి, శిక్షకునికి చూపించండి.

## వెంట తీసుకువెళ్లేటప్పుడు

చిన్నదే కదా, ప్యాంటు జేబులో పెట్టుకుంటే సరిపోదా?

సరిపోదు. జేబులోని తాళాలు, నాణేలు ట్రిగ్గర్ సందులోకి చేరతాయి, దూది పీచు, దుమ్ము సుత్తి దగ్గర పేరుకుంటాయి. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి ఒర, దానిని మోయగల మందపాటి బెల్టు తప్పనిసరి. ఆరు తూటాలు పెట్టాక బరువు ముప్పావు కిలోకు చేరువవుతుంది కనుక పలుచటి బెల్టు సాయంత్రానికి ఒక పక్కకు జారిపోతుంది. వదులు చొక్కా వేసుకుంటే ఆయుధం కనిపించదు, కనిపించకుండా ఉండడమే మర్యాద. నేను నగదుతో బయలుదేరే రోజున మాత్రమే పెట్టుకుంటాను.

రైల్లో, విమానంలో, పక్క రాష్ట్రానికి తీసుకెళ్లవచ్చా?

లైసెన్సు ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో అందులోనే రాసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ వరకే ఇచ్చిన లైసెన్సుతో తెలంగాణలోని కోదాడలో అడుగుపెట్టినా నేరమే. రాష్ట్ర విభజనకు ముందు హైదరాబాదుకు తీసుకెళ్లిన అలవాటు ఉన్న పెద్దలు ఇక్కడే పొరబడుతున్నారు. విమానంలో చేతి సామానులో పూర్తిగా నిషిద్ధం. ముందుగా విమాన సంస్థకు తెలిపి, కౌంటరు వద్ద లైసెన్సు చూపి ప్రకటించి, ఖాళీ చేసిన ఆయుధాన్ని, విడిగా కట్టిన తూటాలను లగేజీలో పంపాలి. దారి ఏదైనా అసలు లైసెన్సు మీతోనే ఉండాలి.

పెళ్లి ఊరేగింపులో సరదాగా గాలిలోకి ఒక్కటి పేల్చవచ్చా?

పేల్చకూడదు. 2019 సవరణ దీనిని ప్రత్యేక నేరంగా చేసింది. రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పైకి పోయిన గుండు ఎవరి పెరట్లోనో, ఎవరి తల మీదో దిగుతుంది. మా బంధువుల పెళ్లిలో ఇద్దరు పెద్దలు ఎంత బతిమిలాడినా నేను ఒప్పుకోలేదు, ఆ అలక ఇంకా తీరలేదు. తీరకపోయినా ఫరవాలేదు.

ఇంట్లోకి దొంగ వస్తే కాల్చే హక్కు ఉందా?

స్వీయరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. ప్రమాదం ఎంతో ప్రతిఘటన అంతకు మించకూడదన్నది దాని ప్రాణం. పారిపోతున్న దొంగ వీపు మీద కాల్చినవారికి ఆ హక్కు అండగా నిలవడం కష్టం. ప్రాణానికో, తీవ్రమైన గాయానికో నిజమైన భయం ఉన్న క్షణానికే ఆయుధం. ఆ క్షణం దాటిందంటే ఆ పని పోలీసులది. తలుపు గడియ పెట్టుకుని 112కు ఫోను చేయగలిగే వీలుంటే మొదట అదే చేయండి.

## ఇంట్లో ఉంచేటప్పుడు

ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ఎక్కడ పెట్టాలి?

గోడకో నేలకో బిగించిన ఉక్కు పెట్టెలో ఖాళీ చేసిన రివాల్వర్, వేరొక తాళం ఉన్న అరలో తూటాలు పెట్టండి. తలగడ కింద, బీరువాలో చీరల మధ్య, దేవుడి గది పైన పెట్టినవి పిల్లలకు దొరకకుండా ఉండవు. నాకు ఆరేళ్ల మనవరాలు ఉంది. బయటి నుంచి రాగానే చెప్పులు విప్పక ముందే నేను లోపలి గదికి వెళ్లి, తలుపు వేసి, సిలిండర్ పక్కకు తీసి, ఆరు తూటాలను పళ్లెంలో పెట్టి లెక్కపెడతాను. తరువాత ఖాళీ గదుల్లోంచి కిటికీ వెలుతురును చూస్తాను. ఆరు గుండ్రటి వెలుగులు కనిపించాకే తాళం వేస్తాను. పక్కకు తెరుచుకునే సిలిండర్‌ను నేను ఇంతగా మెచ్చుకోవడానికి ఆ ఆరు వెలుగులే కారణం.

ఎన్నాళ్లకోసారి శుభ్రం చేయాలి? ఎలా?

కాల్చిన రోజునే చేయాలి. కాల్చకపోయినా నెలకొకసారి చూడాలి. ఖాళీ చేసిన తరువాత ఇత్తడి బ్రష్‌ను ద్రావకంలో ముంచి గొట్టాన్ని, ఆరు గదులను తోమి, పొడిగుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచి, పలుచగా నూనె పట్టించాలి. అందరూ మరచిపోయే చోటు ఒకటి ఉంది. తూటాలను బయటకు నెట్టే నక్షత్రపు పలక కింద కాలని మందు పలుకులు చేరతాయి. ఆవగింజలో సగమైనా లేని పలుకు అక్కడ ఇరుక్కుంటే పలక పూర్తిగా కూర్చోదు, సిలిండర్ బిగుసుకుపోతుంది, ట్రిగ్గర్ కదలదు. పాత పళ్లు తోముకునే బ్రష్‌తో అక్కడ దులపండి. ఆ చోట నూనె మాత్రం వేయకండి, పలుకులు అంటుకుపోతాయి.

తోలు ఒరలో పెట్టి ఉంచితే సొగసుగా ఉంటుంది కదా?

మోసేటప్పుడు తోలు బాగానే ఉంటుంది, నిలువ ఉంచడానికి అది శత్రువు. తోలు తేమను పీల్చుకుంటుంది, దానిని పదును చేసిన లవణాలు లోహాన్ని తింటాయి. ఒక వర్షాకాలం నాన్నగారి రివాల్వర్‌ను మూడు వారాలు ఒరలోనే వదిలేసిన తప్పు నాది. తీసి చూస్తే సిలిండర్ మీద వేలిముద్రల ఆకారంలో ఎర్రటి తుప్పు. ఇప్పుడు నూనె రాసిన గుడ్డలో చుట్టి, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచుతున్నాను.

## ఎన్నికలు, రెన్యువల్, వారసత్వం

ఎన్నికలప్పుడు ఠాణాలో అప్పగించాలా? అక్కడ పాడవదా?

కోడ్ అమలులోకి వచ్చాక అధికారులు ఆదేశిస్తే డిపాజిట్ చేయాలి. 2024లో మార్చి 16న షెడ్యూలు వచ్చింది, జూన్ 4న లెక్కింపు జరిగింది. అంటే నడి వేసవి అంతా ఆయుధం ఇంట్లో ఉండదని లెక్క వేసుకోవాలి. ఇచ్చే ముందు బాగా శుభ్రం చేసి, మామూలు కంటే చిక్కగా నూనె పట్టించి, తోలు ఒర లేకుండా గుడ్డ సంచిలో ఇవ్వండి. నంబరు, తూటాల లెక్క, తేదీ రాసిన రసీదు తీసుకోండి. అంతకు ముందొకసారి నేను రసీదులో తూటాల సంఖ్య రాయించుకోలేదు. తిరిగి తీసుకునేటప్పుడు రెండు తూటాల తేడా వచ్చి, అది తేల్చుకోవడానికి నాలుగు రోజులు తిరిగాను.

లైసెన్సు ఎన్నేళ్లు చెల్లుతుంది?

2019 సవరణ తరువాత అయిదేళ్లు. గడువుకు మూడు నెలల ముందే కాగితాలు సిద్ధం చేసుకోండి. గడువు దాటిన మరుసటి రోజు నుంచి అదే రివాల్వర్ మీ ఇంట్లో అక్రమ ఆయుధం అవుతుంది.

నాన్నగారి రివాల్వర్ కొడుకుకు దానంతటదే వస్తుందా?

రాదు. లైసెన్సుదారు మరణిస్తే ఇంట్లోవారు ఆయుధాన్ని వెంటనే ఠాణాలోనో లైసెన్సున్న డీలరు వద్దనో డిపాజిట్ చేసి, వారసులలో ఒకరు మిగిలినవారి అంగీకార పత్రాలతో తమ పేరున దరఖాస్తు చేసుకోవాలి. ‘పెద్దకర్మ అయ్యాక చూద్దాం’ అనుకుంటూ బీరువాలో ఉంచేసినవారి మీద కేసులు పడ్డాయి. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం పాతికేళ్లుగా వారి దగ్గర ఉన్నా, వారు బతికుండగానే వారసునికి మార్చుకునే వీలు 2016 నియమాల్లో ఉంది. మా ఇంట్లో అలాగే జరిగింది. కలెక్టరు కార్యాలయంలో సంతకాలు పూర్తయిన రోజు నాన్నగారు పాత రివాల్వర్‌ను మడిచి తెరిచి, ఆరు గదులూ నాకు చూపించి, మూయకుండా అలాగే నా చేతిలో పెట్టారు.